త్యాగమా, ప్రకృతి ధర్మమా?

కొంతకాలము క్రిందట నేను జంషెడ్‌పూరు నగరమునకు పోయి కొన్ని దినములు గడపితిని. ఉక్కు కర్మాగారము వెలసిన తొలినాళ్లనుండియు శ్రీకాకుళము, విజయనగరము, గంజాము ప్రాంతములనుండి పొట్ట చేతబట్టుకొని పోయిన తెలుగువారు అక్కడ స్థిరపడి, మూడు నాలుగు తరములుగా జీవించుచున్నారు. బిష్టుపూరులో వారు కట్టుకొన్న శ్రీరామమందిరము కలదు. ఒక సాయంకాలము అచ్చట కొందఱు మిత్రులతో త్యాగమును గూర్చి మాటలాడుట తటస్థించినది. మాటల సందర్భమున నేను శాస్త్రగ్రంథములలో చదివిన యొక విషయమును ప్రస్తావించి, మన శరీరమందలి కణములు సైతము సమష్టి క్షేమము కొఱకు తమ ప్రాణములను తామే విడుచుచున్నవనియు, ఆ సూక్ష్మజీవులకున్న త్యాగబుద్ధి మనకు లేకపోవుట శోచనీయమనియు చెప్పితిని. అందఱును తలలూపిరి. నాకును ఆ మాట అందముగనే తోచినది.

అందఱును వెడలిపోయిన పిదప నలువదేండ్లు దాటిన ఒక వ్యక్తి మాత్రము మెట్లకడ నిలిచియుండెను. ఆయన రోలింగు మిల్లులో పనిచేయువాడు. తాతగారు టెక్కలి ప్రాంతమునుండి వచ్చినవారట. "అయ్యా, తమరు చెప్పిన కణములు నావి. చావవలసినపుడు అవి చావలేదు. నా తమ్ముని చంపినవి" అనెను.

తమ్మునికి ల్యుకేమియా, అనగా రక్తపు కాన్సరు వచ్చినది. వేఱొక నగరములోని పెద్ద ఆసుపత్రిలో అన్నగారి ఎముకలలోని మూలుగను తీసి తమ్మునికి ఎక్కించిరి. తోబుట్టువులలో ఒకరి కణముల గుర్తులు మఱియొకరికి పూర్తిగా సరిపోవుటకు నాలుగింట ఒక పాలు మాత్రమే అవకాశము. వీరికి సరిపోయినవి. ఇంటిల్లిపాదియు దేవుడు కరుణించెనని సంతసించిరి. కాన్సరు పోయినది. కాని అన్న యిచ్చిన కణములు తమ్ముని చర్మమును, ప్రేగులను, కాలేయమును పరాయివిగా నెంచి వానిపై దాడి సలిపినవి. పదునొకండు మాసములకు తమ్ముడు గతించెను. ఇది జరిగి ఆఱేండ్లయినది. ఆ దినములలోనే ఈయన స్వచ్ఛంద మజ్జదాతల పట్టికలో తన పేరు వ్రాయించుకొనియుండెను. ఇప్పుడు అక్కడినుండి కబురు వచ్చినది. ముక్కు మొగము తెలియని యొక రోగికి ఈయన మజ్జ సరిపోయినదట. ఇచ్చెదరా యని అడుగుచున్నారట. "నా నెత్తురు ఒకసారి ఇంటివానినే తినినది. ఇమ్మందురా, వలదందురా?"

నేను "అంతయు ఈశ్వరేచ్ఛ" అని యొక మాట అంటిని. ఆ మాట ఆయనను తాకక జాఱిపోవుట నాకు స్పష్టముగా కనబడినది. అలసిన నాలుకకు ఆ మాట మిక్కిలి సులభముగా వచ్చును. మఱునాడు రమ్మని చెప్పి, ఆ రాత్రియంతయు ఇదే యాలోచించితిని. ఆ యాలోచనయే ఈ వ్యాసము.

ముందుగా కణమరణమును గూర్చి. 1972లో స్కాట్లండు దేశములోని అబర్డీన్ విశ్వవిద్యాలయమునకు చెందిన కెర్, విల్లీ, కరీ అను మువ్వురు శాస్త్రజ్ఞులు కణములు రెండు విధములుగా చచ్చుచున్నవని విశదీకరించిరి. గాయము వలననో, విషము వలననో చచ్చు కణము ఉబ్బి, పగిలి, తన లోపలి పదార్థమును చుట్టుప్రక్కల చిమ్మును. అచ్చట వాపును మంటయు పుట్టును. రెండవ విధముగా చచ్చు కణము ముడుచుకొని, తన కేంద్రమును తానే ముక్కలు చేసికొని, చిన్న చిన్న పొట్లములుగా విడిపోవును. ఇరుగుపొరుగు కణములు ఆ పొట్లములను మ్రింగివేయును. చప్పుడు లేదు, మంట లేదు. చెట్టునుండి ఆకు రాలుటను సూచించు గ్రీకు పదమును గ్రహించి వారు దీనికి అపాప్టోసిస్ అని పేరిడిరి. తల్లి గర్భమున శిశువు చేతివ్రేళ్లు విడివడుటయు దీనివలననే: వ్రేళ్ల నడుమనున్న కణములు రాలిపోయి, చేయి చేయిగా రూపొందును. మిల్లీమీటరు పొడవుగల యొక నేలపురుగులో పుట్టు 1,090 కణములలో సరిగా 131 కణములు ఈ విధముగా రాలిపోవునని లెక్కకట్టిరి. ఆ పురుగును ఆధారముగా చేసికొని ఈ మరణమును నడపు జన్యువులను కనుగొన్నందులకు బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్ అను వారికి 2002లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ మరణమునకు శక్తి వలయును. కణములో ఏ.టి.పి. అను పదార్థము తగినంత యున్నప్పుడే కణము ఈ శాంతమార్గమున పోగలదు. అది ఎండిపోయినచో పగిలి చచ్చును. ప్రాణమున్నవాడే సరిగా చావగలడన్నమాట! ఈ పదార్థమును 1929లో అమెరికాలో ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి వెలికితీసినవాడు మన భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయనను గూర్చి మఱల చెప్పవలసియున్నది.

మన దేహరక్షణకు నియుక్తములైన తెల్లకణములలో టీ-కణములు ముఖ్యమైనవి. అవి మజ్జలో పుట్టి, ఱొమ్ములోని థైమస్ అను గ్రంథిలో విద్య నేర్చును. ఆ విద్యాలయమున ప్రవేశించిన కణములలో నూటికి తొంబదియైదుకు పైగా అక్కడనే చచ్చును. స్వదేహమును శత్రువుగా భావించు కణములకు అక్కడ మరణమే శిక్ష. కాని వానికంటె ఎక్కువగా చచ్చునవి వేఱు. అవి ఏ దోషమును చేయలేదు. "బ్రతుకుము" అను సంకేతము పొరుగు కణములనుండి వానికి అందలేదు, అంతే. కణము తనంతట తాను బ్రతుకునది కాదు. ఇతరములు బ్రతుకుమని చెప్పుచున్నంతవఱకే బ్రతుకును. ఈ యొక్క విషయము నన్ను చాలసేపు నిలిపివేసినది. మన యిండ్లలో ఎవరును పలుకరింపనందున వడలిపోవు వృద్ధులు నాకు జ్ఞప్తికి వచ్చిరి. పోలికలను గూర్చి నేనీ క్రింద హెచ్చరింపబోవుచున్నాను గనుక, దీనిని మఱి పొడిగింపను.

రోగక్రిమి ప్రవేశించినపుడు దానిని గుర్తించిన టీ-కణము వేలకు వేలుగా పెరుగును. యుద్ధము ముగియగనే ఆ సైన్యములో నూటికి తొంబదిపాళ్లకు పైగా రాలిపోవును. కొలదిపాటి కణములు మాత్రము ఆ శత్రువును జ్ఞాపకముంచుకొని మిగులును. ఇట్లు రాలని సైన్యము తన గ్రామమునే దోచును. పుట్టుకతోనే ఈ మరణమార్గమున లోపముగల బిడ్డలలో తెల్లకణములు పేరుకొని, గ్రంథులు వాచి, దేహమే దేహముతో పోరాడు వ్యాధులు కలుగును.

ఇక మజ్జను మార్చినపుడు ఏమగును? రోగి మజ్జను మందులతో, ఒక్కొక్కప్పుడు కిరణములతో, నాశనము చేసి దాత మజ్జను నరములోనికెక్కింతురు. ఈ చికిత్సకు బాటవేసిన డొనాల్ థామస్ అను వైద్యునికి 1990లో నోబెల్ బహుమానమిచ్చిరి. మన దేశమున 1983లో బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఇది తొలిసారిగా జరిగినది. దాతకు నష్టము స్వల్పము. తీసిన మజ్జ కొన్ని వారములలో మఱల నిండును. గ్రహీతకు మాత్రము అది పునర్జన్మ వంటిది. చిన్ననాటి టీకాలు సైతము మఱల వేయవలసివచ్చును. దాత కణములు క్రొత్తయింట ప్రవేశించి, ఆ యింటినంతయు అపరిచితముగా చూచును. గుర్తులు సరిపోయినను, పరీక్షలకందని చిన్న భేదములు మిగిలియుండును. క్రిమియైనచో యుద్ధము ముగియును. ఇక్కడ శత్రువుగా తోచినది దేహమంతయు. అది ఎన్నడును తొలగదు, సైన్యమును చల్లారదు. తాము రాలని ఈ కణములు చర్మములోను ప్రేగులలోను ఉన్న అమాయక కణములకు రాలిపొండని ఆజ్ఞ యిచ్చును. వైద్యులు సూక్ష్మదర్శినిలో చూచినపుడు ప్రేగుగోడలలో కనబడునవి ఆ యాజ్ఞకు లోబడిన శవములే.

ఇందులో మఱియొక చిక్కు. ఆ కణములే మిగిలిన కాన్సరు కణములను వెదకి చంపును. అవి హాని చేయునని మజ్జనుండి ముందే ఏఱివేసి చూచిరి. దాడి తగ్గినది, కాన్సరు మఱల వచ్చుట హెచ్చినది. అంతేకాదు, మార్పిడి యైన పిమ్మట పెక్కుమాసములవఱకు రోగి టీ-కణములు ఆరోగ్యవంతుల కణముల కంటె త్వరగా చచ్చును. వానిలో మరణమును నిరోధించు బీసీఎల్-2 అను పదార్థము తగ్గి, మరణాజ్ఞను అందుకొను ఫాస్ అను ద్వారము పైకి తేలియుండును. అందుచే రోగనిరోధకశక్తి కోలుకొనుట ఆలస్యమై, సామాన్యమైన క్రిమియు ప్రాణాంతకమగును. ఒకే దేహమున ఒకచోట చావవలసినవి చావవు, మఱియొకచోట బ్రతుకవలసినవి బ్రతుకవు. ఆ తమ్ముడు ఈ రెంటి నడుమ నలిగెను.

జంషెడ్‌పూరునకును ఈ వ్యాధికిని పాత సంబంధము కలదు. జంషెట్జీ టాటా కుమారుడగు సర్ దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి 1931లో ల్యుకేమియాతో మరణించెను. 1924లో ఉక్కు కర్మాగారము మూతపడు స్థితికి వచ్చినపుడు ఆ దంపతులు తమ సొంత సంపదను, 245 క్యారట్ల జూబిలీ వజ్రమును సైతము తాకట్టుపెట్టి కర్మాగారమును నిలిపిరి. ఆమె పోయిన పిదప దొరాబ్జీ ల్యుకేమియా పరిశోధన కొఱకు 1932లో ఒక ధర్మనిధి నేర్పఱచి, ఆ యేడాదియే తానును గతించెను. ఆ నిధి నేటికిని దేశదేశముల పరిశోధకులకు తోడ్పడుచున్నది. ఆయన ఆస్తితో నెలకొన్న మఱియొక ధర్మసంస్థ 1941లో బొంబాయి ఆసుపత్రిని స్థాపించినది. జంషెడ్‌పూరులోని కాన్సరు ఆసుపత్రికి ఆమె పేరే పెట్టిరి. వజ్రము కర్మాగారమును నిలిపినది, ఆమెను నిలుపలేదు. 1931లో నిలుపగల మందు లోకమున లేదు.

ఆ మందును వెదకినవారిలో అగ్రగణ్యుడు సుబ్బారావు. యౌవనమున సన్న్యసింపగోరి, తల్లి యొప్పుకొననందున వైద్యము నభ్యసించినవాడు. సోదరులు వ్యాధివాతబడి రోజుల వ్యవధిలో మరణించుట చూచినవాడు. అమెరికాలో ఆయన నాయకత్వమున పనిచేసిన రసాయనజ్ఞులు తయారుచేసిన అమినోప్టెరిన్ అను ఔషధముతో బోస్టన్ నగరములో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ల్యుకేమియా బాలురకు తాత్కాలికముగానైన ఉపశమనము కలిగించి, 1948లో ప్రకటించెను. ఆ యేడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూసెను. అదే కుదురునకు చెందిన మెథోట్రెక్సేట్ అను మందును నేడు మజ్జమార్పిడి యైన తొలిదినములలో రోగికి సూక్ష్మమాత్రలో ఇచ్చుచున్నారు. దాడికి పెరుగుచున్న టీ-కణములను అది అపాప్టోసిస్ మార్గమున రాల్చునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. ఆ తమ్మునికిని ఇచ్చియుందురు. చాలమందికి పనిచేయునది అందఱికిని పనిచేయదు.

ఇప్పుడు ప్రశ్నకు వత్తును. మొదట నా తప్పును దిద్దుకొనవలయును. కణము చేయునది త్యాగము కాదు. తనదని యొకటి యుండవలెను. దానిని ఉంచుకొనగల స్వేచ్ఛయు ఉండవలెను. ఉంచుకొనవలెనన్న ఆశయు లోపల లాగుచుండవలెను. అట్టి స్థితిలో విడుచుట త్యాగము. కణమునకు ఈ మూడును లేవు. ఆకు రాలినందులకు చెట్టును మనము మెచ్చుకొనము. కణమును మెచ్చుకొన్న నా నాలుక, చావని కణమును నిందింపవలసివచ్చును; అప్పుడు దాతను కూడ నిందించినట్లే యగును. ఆ సాయంకాలము నా చక్కని పోలిక ఎదుటనున్న యొక మనుష్యుని గుండెలో గ్రుచ్చుకొన్నది. నేనెఱుగను, కాని ఎఱుగకపోవుట చాలిన సమాధానము కాదు.

ఆ పోలికలో ఇంతకంటె పెద్ద ప్రమాదము కలదు. వ్యక్తి కణము, సంఘము దేహము. దేహము కొఱకు కణము చావవలెనను మాట వినుటకు ఉదాత్తముగ నుండును. 1933 మొదలు 1945 వఱకు జర్మనీని పాలించినవారు ఈ పోలికనే పట్టుకొని, జాతి యను దేహమునుండి తొలగింపవలసిన రోగములని చెప్పి, లక్షలకొలది మనుష్యులను చంపిరి. ఎవడు రాలవలెనో వాడు గాక వేఱొకడు నిర్ణయించునపుడు దానికి త్యాగమను పేరు చెల్లదు. ఇంటిలో కోడలిని, పొలములో పాలేరును, కార్ఖానాలో కూలిని "నీవు త్యాగము చేయుము" అని చెప్పువారి మాటను గూడ ఈ త్రాసులోనే తూచవలయును. ఉపన్యాసకులమగు మనము ఈ విషయమున కొంత దోషులము.

కణము త్యాగి కానిచో హంతకుడును కాదు. ఇది మొదటి మెట్టు. అన్నగారి సందేహము మాత్రము దీనితో తీఱదు. కణము కర్త కాకపోవచ్చును, ఇచ్చినవాడు కర్తయే గదా? ఇచ్చుట ఆయన కర్మ. సూదులు తుంటి యెముకలో దిగిన నొప్పి ఆయనది, ఇయ్యకుండ ఉండుటకు వీలున్నను ఇచ్చిన నిర్ణయము ఆయనది. త్యాగమునకు నేను చెప్పిన మూడు గుర్తులును ఇక్కడ కలవు. నరములోనికి పోయిన పిదప కణములు సాగించినది ఆయన కర్మ కాదు. వానిని పిలుచుటకు గాని, ఆపుటకు గాని ఆయనకు శక్తి లేదు. "నా నెత్తురు" అను మాటలోని "నా" అనునది ఇచ్చిన క్షణముననే వదలిపోయినది. వదలనిచో అది దానమే కాదు, అప్పు.

దీనికి ఒక మూల్యము కలదు. దానిని దాచిపెట్టి ఓదార్పు చెప్పుట మోసము. కీడు నీది కాదన్నచో మేలును నీది కాదు. తమ్ముడు బ్రతికియున్నచో, నేను బ్రతికించితినని చెప్పుకొను హక్కు ఆయనకు ఉండెడిది కాదు. ఫలమునుండి చేయి తీసికొనుట యనునది దుఃఖము వచ్చినపుడు మాత్రము వాడుకొను గొడుగు కాదు. చాలమంది నిష్కామకర్మను అట్లే వాడుచున్నారు. మఱియు ఫలమును ముందు చూడనక్కఱ లేదని నేను చెప్పుట లేదు. వైద్యుడు అపాయమును తూచవలెను, దాత తెలిసికొనవలెను, రోగి తెలిసి సమ్మతింపవలెను. తెలిసికొనకుండ ఇచ్చి, ఫలము నాకేల యనుట నిర్లక్ష్యము. ఆ యన్నదమ్ములు తెలిసికొనియే దిగిరి. సరిగా తూచినను త్రాసు కొన్నిమార్లు ప్రక్కకు ఒరగును.

మఱునాటి సాయంకాలము ఆయన వచ్చెను. నేను తలచినదంతయు చెప్పితిని. మొదట నా పొరపాటును ఒప్పుకొంటిని. ఆయన తలవంచుకొని వినెను. మేలును నాది కాదన్న మాటకడ తలయెత్తి, "తమ్ముని కాన్సరు పోయిననాడు మిల్లులో అందఱికిని మిఠాయి పంచితినండి, నేనే బ్రతికించితినని చెప్పుకొంటిని" అనెను. కొంతసేపటికి వేఱొక మాట చెప్పెను. తమ్మునిది మొదట బి వర్గము రక్తము, అన్నగారిది ఓ వర్గము. మార్పిడి తరువాత తమ్మునిది కూడ ఓ అయినది. పరీక్ష కాగితము చూచి వాడు నవ్వి, "అన్నయ్యా, ఇక నేను నీవే" అనెనట. "అంతయు నా రక్తమే యైనను వాడు వాడుగనే యుండెను. అదే కోపము, అదే నవ్వు, కూరలో ఉప్పు చాలలేదని అమ్మతో అదే తగవు."

శాస్త్రజ్ఞులు దేహరక్షణను గూర్చి చెప్పునపుడు "స్వ", "పర" అను మాటలను వాడుదురు. తన దేహమేదో గుర్తించుట కణము పుట్టుకతో తెచ్చుకొన్నది కాదనియు, నేర్చుకొన్నదనియు నిరూపించినందులకు బర్నెట్, మెడవార్ అను వారు 1960లో నోబెల్ బహుమానము పొందిరి. థైమస్ గ్రంథి నేర్పిన ఆ "స్వ" ఆ యింటిలో మారిపోయినది. "అన్నయ్యా" అని పిలిచినవాడు మారలేదు. విజ్ఞానశాస్త్రము వేదాంతమును ఋజువు చేసినదని ఎగిరిపడువారిలో నేను చేరను. దాని పని అది చేసికొనుచున్నది. అయినను, దేహము క్షేత్రము, దానినెఱుగువాడు వేఱు అని మనము గ్రంథములలో చదువుకొను మాటను ఆ మిల్లు పనివాడు కూరలో ఉప్పుతో చెప్పగా నాకు క్రొత్తగా వినబడినది.

ఇమ్మనియు వలదనియు నేను చెప్పలేదు. ఆయనయు మఱల ఆ ప్రశ్న వేయలేదు. లేచుచు ఒక్కటి అడిగెను: "పుచ్చుకొన్నవారికి నేనెవరో తెలియునా?" దాత యెవరో గ్రహీతకు, గ్రహీత యెవరో దాతకు కొంతకాలము వఱకు చెప్పరని నేను విన్నది చెప్పితిని. "వారు ఉన్నదీ పోయినదీ నాకును తెలియదన్నమాట" అని కొంచెముసేపు నిలుచుండెను. పిదప రాత్రి పాళీకి వేళయైనదని సెలవు పుచ్చుకొని, సైకిలు తాళము తీసికొని కర్మాగారము వైపు వెడలెను. మూడువారముల తరువాత ఆయన యొద్దనుండి ఒక కార్డు వచ్చినది. రక్తపరీక్షకు పోయివచ్చితిననియు, అమ్మ కూడ వెంట వచ్చినదనియు అందులో ఉన్నది.